మనసు బాగుండాలంటే రోజూ ఏం చేయాలి?

పోయిన నెల ఈ గోడపత్రికలో గజ్జి, పేల గురించి పదో తరగతి అక్క రాసింది. ఈ నెల ఆరోగ్యం శీర్షిక నాకు ఇచ్చారు. నేను మనసు ఆరోగ్యం గురించి రాస్తున్నాను. ఇది పెద్దవాళ్ళ సంగతి, మనకెందుకు అనుకోకండి. చివరి వరకు చదవండి.

మనసు ఆరోగ్యమంటే ఏమిటి?

ఆరోగ్యమంటే జబ్బు లేకపోవడం ఒక్కటే కాదు. ఒళ్ళు, మనసు, తోటివారితో మన బతుకు, ఈ మూడూ బాగుండడమే ఆరోగ్యమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1948లోనే చెప్పింది. 1992 నుండి ప్రతి సంవత్సరం అక్టోబరు 10ని ప్రపంచ మానసిక ఆరోగ్య దినంగా జరుపుతున్నారు.

బాధే రాకుండా ఉండాలని దీని అర్థం కాదు. బాధ అందరికీ వస్తాది. బాధ ఉన్నా తినడం, నిద్రపోవడం, చదువుకోవడం, పదిమందితో కలవడం చేయగలిగితే మన మనసు ఆరోగ్యంగా ఉన్నట్టు. ఇవి చేయలేకపోతున్నామంటే సాయం కావాలని అర్థం.

ప్రపంచంలో 10 నుండి 19 ఏళ్ళ పిల్లల్లో ప్రతి 7 మందిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మా తరగతిలో 42 మంది ఉన్నాం. 42ని 7తో భాగిస్తే 6. ఇది ప్రపంచం లెక్కే గానీ మా తరగతి లెక్క కాదు. అయినా ఇది అరుదైన సంగతి కాదని, సిగ్గుపడే సంగతి అసలే కాదని తెలుస్తాది.

హాస్టల్లో మన మనసుకి వచ్చే కష్టాలు

మొదటిది ఇంటి బెంగ. సెలవులైపోయి వచ్చాక మొదటి వారం రాత్రిళ్ళు దుప్పట్లో ఏడ్చేవాళ్ళు ఎంతమందో మనకి తెలుసు. ఊళ్ళో సిగ్నల్ ఉండదు. అయ్య గుట్ట ఎక్కితేనే ఫోను కలుస్తాది.

రెండవది భాష. మా ఇంట్లో ఆదివాసీ ఒడియా మాట్లాడతాం. కొందరి ఇళ్ళలో కువి మాట్లాడతారు. పాఠం తెలుగులో ఉంటాది, లెక్కలు, సైన్సు పుస్తకంలో ఇంగ్లీషు కూడా ఉంటాది. అర్థం కాకపోయినా అయినట్టు తల ఊపుతాం. లోపల భయం పెరుగుతాది.

మూడవది మా ఇళ్ళలో మేమే మొదట చదువుకుంటున్నవాళ్ళం. మార్కులు తక్కువొస్తే ఎలా అని ఇంట్లో అడగలేం. "బాగా చదువుతున్నావా అమ్మా" అంటే "చదువుతున్నాను" అని చెప్పేస్తాం.

ఈ కష్టాలు ఎవరికీ చెప్పుకోక చదువు మానేసినవాళ్ళు ఉన్నారు. నాతో ఆరో తరగతిలో చేరిన ఇద్దరు సంక్రాంతి సెలవులకి వెళ్ళి మరి రాలేదు. వాళ్ళకి చదువు రాక కాదు. ఒకామె లెక్కల్లో నాకంటే ముందుండేది.

మనసు బాధ ఒంట్లో ఎలా కనబడుతుంది?

భయం వేసినప్పుడు మూత్రపిండాల మీద ఉండే అధివృక్క గ్రంథులు అడ్రినలిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. అప్పుడు గుండె వేగంగా కొట్టుకుంటాది. చేతులు చెమటలు పడతాయి. కడుపులో తిప్పినట్టు ఉంటాది. అడవిలో ఎలుగుబంటి ఎదురైతే పరుగెత్తడానికి ఇది పనికొస్తాది. కానీ తరగతిలో లేచి చదవమన్నా ఒంట్లో ఇదే జరుగుతాది.

ఆరో తరగతి చెల్లి ఒకామెకి ప్రతి సోమవారం కడుపునొప్పి వచ్చేది. అన్నం తినేది కాదు. వేషాలేస్తోందని కొందరు నవ్వారు. పి.హెచ్.సి.లో డాక్టరుగారు చూసి కడుపులో జబ్బేమీ లేదన్నారు. తర్వాత ఆమె భాష వచ్చిన ఒక అక్క మెల్లగా అడిగితే చెప్పింది. సోమవారం తెలుగు పీరియడ్‌లో లేచి గట్టిగా చదవాలి, అందరూ నవ్వుతారని భయమట. ఆ అక్క ఆదివారం సాయంత్రాలు పక్కన కూర్చుని పాఠం ముందే చదివించింది. తెలుగు మేడంకి కూడా చెప్పింది. నెల రోజులకి నొప్పి తగ్గింది. ఆ నొప్పి నిజమైన నొప్పే. కారణం కడుపులో లేదు, అంతే.

ఇంకో సంగతి. ఎప్పుడూ నీరసం, కళ్ళు తిరగడం, చదువు మీద ధ్యాస లేకపోవడం రక్తహీనత వల్ల కూడా రావచ్చు. అందుకని వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రని పారేయకండి. అన్నం తిన్నాక వేసుకోండి.

రోజూ చేయవలసినవి

1. నిద్ర: మన వయసు పిల్లలకి 8 నుండి 10 గంటల నిద్ర కావాలి. రాత్రి 9న్నరకి లైట్లు ఆర్పి పొద్దున్న 5కి బెల్లు కొడితే ఏడున్నర గంటలే. కాబట్టి లైట్లు ఆర్పాక గుసగుసలు వద్దు. తక్కువైన నిద్ర ఆదివారం మధ్యాహ్నం కాసేపు పోండి.

2. తిండి: బెంగగా ఉన్నప్పుడే అన్నం మానేస్తాం. అప్పుడు నీరసం కూడా కలిసి బెంగ ఇంకా పెరుగుతాది. నాలుగు ముద్దలైనా తినండి.

3. ఆట: సాయంత్రం ఆటల పీరియడ్‌లో గోడకి ఆనుకుని కూర్చోకండి. కబడ్డీ, తాడాట, ఏదైనా సరే. మన దింసాలో చేతులు పట్టుకుని పదిమంది ఒకే అడుగు వేస్తాం. అది ఒంటికీ మంచిదే, మనసుకీ మంచిదే.

4. ఊపిరి: భయం వేస్తే 4 అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చండి. 6 అంకెలు లెక్కపెడుతూ మెల్లగా వదలండి. పదిసార్లు చేయండి. గాలి నెమ్మదిగా వదిలితే గుండె వేగం తగ్గుతాది. పరీక్ష హాల్లో ఎవరికీ తెలీకుండా చేయొచ్చు.

5. మాట: ఇది అన్నిటికంటే ముఖ్యం. మా అమ్మకి చదువు రాదు. మానసిక ఆరోగ్యం అనే మాట ఆమెకి తెలీదు. కానీ దిగులుగా ఉంటే చేట పట్టుకుని పక్కింటి పిన్ని అరుగు మీదకి వెళ్తాది. ఇద్దరూ చోళ్ళు చెరుగుతూ మాట్లాడుకుంటారు. పని అయ్యేసరికి మా అమ్మ ముఖం వేరేగా ఉంటాది. హాస్టల్లో మనకి పిన్ని లేదు, అరుగు లేదు. బెల్లు తర్వాత బెల్లు ఉంటాది. అందుకే మనమే ఒకరికొకరు పిన్నిలా ఉండాలి. తొమ్మిదో తరగతి వాళ్ళం ఒక్కొక్కరం ఆరో తరగతి చెల్లిని ఒకరిని తీసుకున్నాం. ఆదివారం బట్టలు ఉతికేటప్పుడు పక్కన ఉండి "ఎలా ఉన్నావు?" అని ఆమె భాషలో అడుగుతాం. వింటాం. నవ్వం. ఇంకెవరికీ చెప్పుకోం. ప్రమాదమైతే మాత్రం పెద్దవాళ్ళకి చెప్తాం.

ఎప్పుడు పెద్దవాళ్ళకి చెప్పాలి?

రెండు వారాలకు పైగా దాదాపు ప్రతిరోజూ దిగులుగా ఉంటే, నిద్ర, తిండి పోతే, ఇష్టమైన పనులు కూడా చేయబుద్ధి కాకపోతే వార్డెన్ మేడంకి గానీ, మీరు నమ్మే టీచరుకి గానీ చెప్పండి. ఇంటి దగ్గర గానీ, ఇక్కడ గానీ ఎవరైనా మిమ్మల్ని కొట్టినా, చెడుగా తాకినా రెండు వారాలు ఆగొద్దు. అదే రోజు చెప్పండి.

ఎవరైనా "నాకు బతకాలని లేదు" అంటే నవ్వకండి, తిట్టకండి. ఆమెని ఒంటరిగా వదలకండి. ఒకరు దగ్గర ఉండండి, ఇంకొకరు వెళ్ళి పెద్దవాళ్ళని పిలవండి. ఎవరికీ చెప్పనని ఒట్టు వేసినా సరే చెప్పాలి. ఒట్టు కంటే ప్రాణం పెద్దది.

2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ ఫోను సేవ ఉంది. నంబరు 14416. రాత్రి, పగలు ఎప్పుడైనా తెలుగులో ఉచితంగా మాట్లాడొచ్చు. పిల్లల కష్టాలకి 1098 ఉంది. ఈ రెండు నంబర్లు నోట్సు వెనక అట్ట మీద రాసుకోండి.

ఒక అపోహ

మా ఊళ్ళో ఒక అత్తకి చాలా రోజులు నిద్ర పట్టలేదు. తనలో తాను మాట్లాడుకునేది. గాలి సోకిందన్నారు. దిసారి దగ్గరికి తీసుకెళ్ళారు. తగ్గకపోతే విశాఖపట్నంలో ఉన్న ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మాత్రలు మానకుండా వేసుకుంది. ఇప్పుడు అందరితో కలిసి కాఫీ పళ్ళు ఏరడానికి వస్తోంది. దిసారిని పెద్దలు గౌరవిస్తారు, నేనూ గౌరవిస్తాను. కానీ మనసు జబ్బు కూడా జబ్బే, డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళాలి. జ్వరం వచ్చినవాళ్ళని ఎవరూ వెక్కిరించరు కదా. మనసు జబ్బు వచ్చినవాళ్ళని పిచ్చి అని ఎందుకు వెక్కిరించాలి?

ఆలోచించండి

1. ఈ వారం మీరు ఎవరినైనా "ఎలా ఉన్నావు?" అని అడిగి, జవాబు పూర్తిగా విన్నారా?
2. మీకు దిగులు వస్తే చెప్పుకోవడానికి ఇద్దరి పేర్లు అనుకోండి. ఒకరు స్నేహితురాలు, ఒకరు పెద్దవాళ్ళు.
3. మీ పక్క మంచం చెల్లి ఈ రోజు అన్నం తిన్నదా?

మూడో ప్రశ్నకి జవాబు తెలీకపోతే ఇది చదవడం అయిపోగానే వెళ్ళి అడగండి.

— 9వ తరగతి విద్యార్థిని