తోట ఇంటికి గరుసు దారి వేసుకుందాం

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు రోడ్డు దిగి తోట ఇంటికి పోయే దారి చాలామందికి మట్టిదే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానే గగనమైన చోట దారికి నీటి భయమేంటని నేనూ అనుకున్నా. కానీ ఆ కాస్తలో పెద్ద భాగం సెప్టెంబరు, అక్టోబరుల్లో జడివానలుగా కుమ్మరిస్తుంది. గాడులు పడ్డ దారి మీద నేరుగా పోయించిన రెండు ట్రాలీల గరుసు ఒక్క రాత్రికే పక్కవాళ్ల శెనక్కాయ చేలో తేలింది. అందుకే మనం మొదట కాలువ తీస్తాం. గరుసు చివర్న.

కావలసినవి

గడ్డపార, పార, బాండ్లీలు, పురికొస, మేకులు, మేస్త్రీలు మట్టం చూసే నీళ్ల పైపు, దిమ్మిస. ట్రాక్టరు బ్లేడు దొరక్కపోతే గుంటకతో సరిపెట్టుకుందాం.

100 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు దారికి అణిగాక 4 అంగుళాల మందం నిలవాలంటే 333 ఘనపుటడుగుల గరుసు కావాలి. తొక్కితే దిగుతుంది కాబట్టి 420 తెప్పిద్దాం. అనుమతి ఉన్న క్వారీ లోడే కొనండి. చెరువులో రాత్రిపూట తవ్విన గ్రావెల్ చవగ్గానే వస్తుంది, వెనకే కేసూ వస్తుంది.

దించుకోకముందే గుప్పెడు గరుసు తడిపి పిడికిలి బిగించండి. ముద్ద నిలవాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి, అరచేతికి ఎర్రగా మరక అంటాలి. ముద్దే కట్టకపోతే అందులో బంక లేదు, చక్రాల కింద చెదిరిపోతుంది. జిగటగా పట్టుకుంటే మట్టి ఎక్కువ, వానకు జారుతుంది.

చేసే పద్ధతి

1. నీళ్ల పైపుతో మట్టం పట్టి ఎగువ ఏదో, పల్లం ఏదో గుర్తు పెట్టుకుందాం. కంటికి సమంగా కనిపించే నేల చాలాసార్లు మోసం చేస్తుంది.

2. ఎగువ వైపు అడుగు లోతు కాలువ తీసి పల్లానికి కలుపుదాం. మన దారి రోడ్డును కలిసే చోట రోడ్డు కాలువను పూడ్చకండి, అక్కడ సిమెంటు పైపు వేసి తూము పెట్టాలి.

3. గాడుల్ని పూడ్చి ఊరుకోవద్దు. వాటి అడుగు తగిలేదాకా దారంతా గీరి గుల్ల చేద్దాం. గట్టి నేల మీద కొత్త పొర అతుక్కోదు.

4. గీరిన మట్టిని నడుముకు లాగుదాం. అంచుల కంటే మధ్య రెండున్నర అంగుళాలు ఎత్తుండాలి, తాబేటి వీపులా. ప్రతి పది అడుగులకూ పురికొస అడ్డంగా కట్టి చూసుకోండి.

5. గరుసు రెండు పొరలుగా పరుద్దాం. ప్రతి పొరకూ నీళ్లు చల్లి, కాలికి అంటుకోనంతగా ఆరాక లోడు ట్రాక్టరును అంచుల నుంచి నడుముకు తిప్పించాలి. నడుమ మొదలుపెడితే గరుసు పక్కలకు జారి వీపు చదునైపోతుంది. అంచుల్ని దిమ్మిసతో కొడదాం.

జరిగే పొరపాట్లు

చిత్రావతి ఏటి గులకరాళ్లు అందంగా ఉంటాయని పోస్తారు. గుండ్రటి రాయి రాయిని పట్టుకోదు. పాత ఇంటి ఇటుక ముక్కలు రెండు వానలకే పొడైపోతాయి.

గుంటలో పైపైన గరుసు పోస్తే నెలకే లేచిపోతుంది. గుంట అంచుల్ని నిలువుగా తవ్వి, తడిపి, నింపి, వేలెడు ఎత్తుగా ఉంచి దిమ్మిస వేయాలి.

ఎండు నేల మీద బ్లేడు వేయకండి. రామగిరి గుట్టల మీద గాలిమరలు తిప్పే ఆషాఢం గాలి ఆ పొడినంతా ఎత్తుకుపోతుంది, మనకు రాళ్లే మిగులుతాయి. వాన వెలిసిన మర్నాడు, దారి ఇంకా చెమ్మగా ఉండగా పార పట్టుకుని రండి. అంచుల్లో పేరుకున్న గట్టు నీళ్లను దారి మీదే ఆపేస్తుంది, మొదట దాన్ని కోసి మధ్యకు లాగుదాం.