కలిసి నడచినవారు కలిసి భుజింతురా?

పాఠ్యభాగములు: కీర్తనలు 121, 122, లూకా 2:41-51, గలతీ 2:11-14, అపొ. కార్యములు 28:13-15
కంఠస్థ వాక్యము: గలతీ 6:2



భివండిలో కాపురమున్న మనకు పాదయాత్రికులు కొత్తవారు కారు. ముంబాయి నుండి షిర్డీకి నడచి వెళ్లు జట్లు ఠాణా దాటి, మన ఊరి ప్రక్కనున్న నాసిక్ రహదారి మీదుగానే షాహాపూర్, కసారా ఘాటు వైపు సాగిపోవును. ఇక ఆషాఢమాసము వచ్చినదంటే మహారాష్ట్రమంతయు పండరీపురము వైపు చూచును. వారి విశ్వాసము వేరు, మన విశ్వాసము వేరు. అయినను దూరపు దారిని కాలినడకన పోవువారు ఒకరినొకరు ఎట్లు కనిపెట్టుకొందురో గమనించినయెడల, మన బైబిలులోని కొన్ని భాగములు మనకు మరింత తేటపడును. ఈ పాఠములో మనము అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: యాత్రలో తోడుగా ఉండుట అనగా ఏమి?

1. పాడుచు నడచిన జనము

కీర్తనల గ్రంథములో 120 మొదలు 134 వరకు గల పదిహేను కీర్తనలకు "యాత్రకీర్తన" అను శీర్షిక ఉన్నది. సంవత్సరమునకు మూడు పండుగలకు ఇశ్రాయేలు పురుషులు దేవుని సన్నిధికి రావలెనని ధర్మశాస్త్రము చెప్పెను (ద్వితీ 16:16). గలిలయ నుండి యెరూషలేమునకు నూరు కిలోమీటర్లకు పైబడిన దారి. ఎండ, రాళ్లు, రాత్రి భయము, జారిపడు కాలు, ఇవన్నియు 121వ కీర్తనలో కనబడును. దారిలో దొంగలుండిరని మంచి సమరయుని ఉపమానమువలన ఎరుగుదుము. కాబట్టి బంధువులు, ఊరివారు గుంపుగా వెళ్లుట వాడుక.

లూకా 2వ అధ్యాయములో యోసేపు మరియలు అట్టి గుంపులోనే నడచిరి. పండ్రెండేండ్ల బాలుడు కనబడకున్నను ఒక దినమంతయు వారు దిగులుపడలేదు. ఎందుకనగా గుంపును నమ్మిరి. ఇతరుల బిడ్డను తమ బిడ్డవలె చూచుకొను గుంపు ఎంత మంచిది! అయితే ఇందులోనే ఒక ప్రమాదమున్నది. ప్రతివారును "వేరొకరితో ఉన్నాడులే" అనుకొనిరి. చివరకు అతడు ఎవరితోను లేడు. పెద్ద సంఘములలో జరుగునది ఇదియే. ఒక కుటుంబము నాలుగు ఆదివారములు రాకున్నను, పాస్టరుగారు వెళ్లియుందురని డీకనులు, డీకనులు వెళ్లియుందురని స్త్రీల సమాజమువారు అనుకొందురు. ఎవరును వెళ్లరు.

2. సాయంకాలపు విచారణ

పండరీపురపు యాత్రను "వారీ" అందురు. ఆళంది నుండి జ్ఞానేశ్వరుని పాదుకలను, దేహూ నుండి తుకారాము పాదుకలను పల్లకీలలో ఉంచుకొని సుమారు 250 కిలోమీటర్లు, మూడు వారములపాటు నడతురు. నడచువారు "దిండీలు" అను జట్లుగా ఉందురు. ప్రతి దిండీకి సంఖ్య, వరుసలో దాని స్థానము ఉండును. ఒకరినొకరు "మావులీ", అనగా తల్లీ అని పిలుచుకొందురు. జ్ఞానేశ్వరుని పల్లకీని ఇట్లు క్రమములో పెట్టినవాడు 19వ శతాబ్దపు తొలి భాగములోని హైబత్‌బాబా అను భక్తుడు.

ఆ క్రమములో ఒక ఏర్పాటు మనకు గమనింపదగినది. సాయంకాలము బసలో అందరు కూడినప్పుడు చోప్‌దారు తన దండము పైకెత్తగానే తాళములన్నియు ఆగును. ఏ దిండీకైనను ఫిర్యాదు ఉన్నయెడల ఆ దిండీ మాత్రము తాళములు ఆపక మోగించును. చోప్‌దారు వారి యొద్దకు పోయి విని పరిష్కరించును. దారిలో పోయిన వస్తువులను, దొరికిన వస్తువులను గూర్చి అక్కడనే ప్రకటింతురు. నొచ్చుకొన్నవాని మాట వినకుండ ఆ దినము ముగియదు. మన సంఘములలో నొచ్చుకొన్నవాడు మౌనముగా వెనుక బెంచీకి పోవును, తరువాత గుమ్మము బయటికి పోవును. వాని తాళము మోగుట వినువారెవరు?

3. ఎవరి అడుగును బట్టి నడవవలెను?

ఏశావు తనతో కలిసి ప్రయాణము చేయుమని పిలిచినప్పుడు, చిన్నపిల్లలకును పాలిచ్చు పశువులకును చేతనైనంత మెల్లగానే వచ్చెదనని యాకోబు చెప్పెను (ఆది 33:13-14). మిర్యాము కుష్ఠముతో పాళెము వెలుపల ఏడు దినములుండగా, ఆమె తిరిగి చేర్చబడువరకు జనము కదలలేదు (సంఖ్యా 12:15). తప్పు చేసినది ఆమెయే. అయినను ఆమెను విడిచి ముందుకు పోలేదు. అమాలేకీయులు ఎవరిని కొట్టిరి? అలసి వెనుకబడినవారిని (ద్వితీ 25:17-18). అన్ని పాళెములకు వెనుక దాను గోత్రమువారు నడచుట అందుకు తగిన ఏర్పాటు (సంఖ్యా 10:25).

సాంచెల మీద పనిచేయు మనకు ఇది వేరుగా చెప్పనక్కరలేదు. ఒక్క పోగు తెగినను సాంచె ఆపి ముడి వేయవలెను. నష్టమని ఆపకుండ నడిపినయెడల బట్ట అంతయు చెడును. సంఘమునకు పోగులు తెగుచున్నవి. రాత్రి పాళీ చేయు యువకులు, సాంచెలు అమ్ముకొని అప్పులపాలైన కుటుంబములు, తెలుగు చదువురాని మన మనుమలు, దగ్గుతో మంచము పట్టిన వృద్ధ కార్మికులు. కార్యక్రమములు ఆగకుండ జరుగుచున్నవని సంతోషించుటకు ముందు, ఎవరికొరకైనను మనము ఎప్పుడైన ఆగితిమా అని అడుగుకొనవలెను.

4. భోజనపు బంతి

పుణేకు చెందిన మానవశాస్త్రవేత్త ఇరావతీ కర్వే తాను స్వయముగా వారీలో నడచి ఒక వ్యాసము వ్రాసిరి. అది 1962లో ఇంగ్లీషులోను వెలువడినది. ఒక్క దేవుని పేర పాడుచు పక్కపక్కన నడచినవారు భోజనవేళకు కులముల చొప్పున వేర్వేరుగా కూర్చుండుట ఆమెను నొప్పించెను. పండరీపురములో మహార్ కులస్థుడైన చోఖామేళా భక్తుని సమాధి గుడి మహాద్వారము ఎదుట ఉన్నది. అయినను ఆయన జనులకు ఆ గుడిలో ప్రవేశము శతాబ్దములపాటు లేకపోయెను. 1947 మే నెలలో సానే గురూజీ పది దినములు ఉపవాసమున్న తరువాత ఆ తలుపులు తెరువబడెను.

ఇది విని పొరుగువారిని నిందించుటకు మనకు హక్కు లేదు. అంతియొకయలో పేతురు అన్యజనులతో భోజనము చేయుచుండి, యాకోబు యొద్దనుండి కొందరు రాగానే బంతి నుండి తప్పుకొనెను. బర్నబా సహితము ఆ వైపుకు లాగబడెను. పౌలు దానిని చిన్న విషయముగా ఎంచలేదు. సువార్త సత్యమునకే విరుద్ధమని అందరి యెదుట చెప్పెను. మన స్వదేశపు పల్లెలలో మాలవారికొక గుడి, మాదిగవారికొక గుడి వేరుగా నిలిచిన ఊళ్లు లేవా? ఆ గీతను మూటలో కట్టుకొని భివండి దాక తెచ్చుకొన్నవారు లేరా? ప్రేమవిందులో బంతులు కలిసినను, పిల్ల సంబంధము వచ్చినప్పుడు మొదట అడుగు ప్రశ్న ఏది? ఆదివారము కలిసి పాడుట నడకవంటిది. మిగిలిన ఆరు దినములు ఎవరి ఇంట ఎవరు భుజింతురు అనునదే బంతి.

5. మన పెద్దలు నడచిన దారి

బాప్తిస్టులమైన మనకు నడక మొదటి నుండియు తెలిసినదే. చెప్పులు కుట్టు కులములో పుట్టిన యర్రగుంట్ల పేరయ్యగారు ఒంగోలుకు సుమారు 40 మైళ్ల దూరముననున్న తాళ్లకొండపాడు ప్రాంతమునుండి క్రీస్తును వెదకుచు వచ్చి 1866లో బాప్తిస్మము పొందెను. 1867 జనవరిలో క్లౌ దొరగారు ఆ ఊరికి వెళ్లినప్పుడు చుట్టుప్రక్కల పల్లెలవారు కొన్ని దినములకు తిండి, బాప్తిస్మమునకు మార్చుకొను బట్టలు మూటకట్టుకొని నడచి వచ్చిరి. అప్పుడు 28 మంది బాప్తిస్మము పొందిరి. 1876-78 మహా కరవు తరువాత, 1878 జూలై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అందులో ఎందరో పల్లెల నుండి తమ బోధకుల వెంట గుంపులుగా వచ్చినవారే. మన మూలము ఇట్టి నడకలో ఉన్నది. రైలెక్కి వచ్చి భివండిలో ఇల్లు కట్టుకొన్నంత మాత్రమున ఆ నడక ముగియలేదు.

6. ఎదురు వెళ్లుట

2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ మొదలై సాంచెలు ఆగినప్పుడు, మన ఊరి ప్రక్కనున్న ఆ రహదారి మీదనే మరియొక నడక కనబడెను. మూటలు నెత్తిన పెట్టుకొని, పిల్లలను చంకనెత్తుకొని కార్మికులు వందల మైళ్ల దూరములోని తమ ఊళ్లకు బయలుదేరిరి. అది మొక్కుబడి యాత్ర కాదు. అద్దె, తిండి లేక నడచిన నడక. అనేకులు ఈ పట్టణములో ఏండ్ల తరబడి బట్ట నేసినవారే. ఉండుమని చెప్పువారు లేక వెళ్లిపోయిరి.

పౌలు బంధీగా రోమాకు వచ్చుచున్నప్పుడు అక్కడి విశ్వాసులు ఏమి చేసిరో చూడుడి. రోమా పట్టణము పలు దేశములవారు వలసవచ్చి స్థిరపడిన స్థలము. వారు ఇంట కూర్చుండి ఎదురుచూడలేదు. అప్పీయా సంతపేట వరకు, అనగా 60 కిలోమీటర్లకు పైగా ఎదురు వచ్చిరి. మరికొందరు త్రిసత్రముల వరకు వచ్చిరి. వారిని చూచి పౌలు ధైర్యము తెచ్చుకొనెను. పౌలంతటి వానికే ఎదురువచ్చు సహోదరులు అవసరమైతిరి. నిన్న ఊరినుండి దిగి ఖోలీ వెదుకుకొను యువకునికి ఎంత అవసరము!

స్థిరపడిన సంఘమునకు దేవుడిచ్చిన పని ఇదియే. వచ్చువానికి ఎదురు వెళ్లుట, వెనుకబడినవానికొరకు ఆగుట, బంతిలో చోటిచ్చుట. ఈ మూడును చేయువాడు నడచుచున్నాడు. చేయనివాడు ఎంత దూరము వచ్చినను దారిలోనే నిలిచిపోయినవాడు.

చర్చింపవలసిన ప్రశ్నలు

1. గడచిన ఆరు నెలలలో మన ఆరాధనకు రాకుండ ఆగిపోయిన కుటుంబములు ఎన్ని? వారి పేర్లు మనకు తెలియునా? ఎవరు వెళ్లిరి?
2. సంఘములో నొచ్చుకొన్నవారి మాట వినుటకు మన యొద్ద ఏ ఏర్పాటు ఉన్నది?
3. మన సంఘములో ఎవరి ఇంట మనము ఇంతవరకు భుజింపలేదు? ఎందుకు?
4. ఈ నెలలో మన వీధికి కొత్తగా వచ్చినవారెవరు? వారిది ఏ భాషయైనను, ఎవరు ఎదురు వెళ్లుదురు?

ప్రార్థనాంశములు: రాత్రి పాళీ కార్మికులకొరకు, పని పోగొట్టుకొన్న కుటుంబములకొరకు, దూరమైన సభ్యులకొరకు ప్రార్థింతము. ప్రార్థన ముగిసిన వెంటనే ఇద్దరిద్దరుగా ఒక ఇంటికి వెళ్లుదము. ప్రభువు మనతో నడచును గాక. ఆమెన్.