దూరంగా నిలబడితేనే మంచి ఫోటో: దసరా సెలవుల్లో పిల్లలకు ఒక పాఠం



దసరా సెలవులు దగ్గరికొచ్చాయి. మన పెద్దవూర నుంచి సాగర్ ఎంతో దూరం లేదు కాబట్టి చాలామంది ఒక్కరోజైనా పిల్లలను అటు తీసుకెళ్తారు. కొందరు శ్రీశైలం దాకా వెళ్తారు. దారిలో కోతులు, నెమళ్లు, అదృష్టం బాగుంటే జింకలు కనిపిస్తాయి. కనిపించగానే పిల్లలు ఫోన్ అడుగుతారు. "ఫోన్ ఇవ్వాలా, వద్దా మేడమ్?" అని పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో ఒక అమ్మ అడిగారు. ఇవ్వండి. ఇచ్చేముందు మాత్రం ఒక చిన్న పాఠం చెప్పండి. అది ఏమిటో ఇక్కడ రాస్తున్నాను.

సఫారీ అంటే ఏమిటి?

క్లాసులో ఈ మాట రాగానే పిల్లలు సింహం, జీపు అంటారు. నిజానికి తూర్పు ఆఫ్రికాలో మాట్లాడే స్వాహిలీ భాషలో సఫారీ అంటే ప్రయాణం. ఈ మాటకు మూలం అరబిక్. మనం ఉర్దూలో వినే "సఫర్" కూడా ఆ కుటుంబంలోదే. తెల్లదొరల కాలంలో సఫారీ అంటే వేటకు వెళ్లడం. తర్వాత తుపాకీ స్థానంలో కెమెరా వచ్చింది, కానీ ఇంగ్లిష్‌లో పాత మాటలు పోలేదు. ఫోటోను ఇప్పటికీ "షూట్" చేస్తాం, మంచి ఫోటోను "గుడ్ షాట్" అంటాం. అమెరికాకు చెందిన జార్జ్ షైరస్ అనే లాయరు మొదట్లో వేటగాడే. తర్వాత తుపాకీ వదిలి, రాత్రిపూట ఫ్లాష్ వెలుగులో అడవి జంతువుల ఫోటోలు తీశాడు. 1906 జులైలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ఆయన తీసిన 74 ఫోటోలను అచ్చువేసింది.

మరి కెమెరాతో జంతువుకు ఏ హానీ ఉండదా? ఉంటుంది. కెన్యాలోని మసాయ్ మారాలో చీతాలను గమనించి 2018లో ఒక పరిశోధన వెలువరించారు. (చీతా వేరు, మన అడవుల్లోని చిరుత వేరు. పిల్లలకు ఈ తేడా తప్పకుండా చెప్పండి.) టూరిస్టులు తక్కువగా వచ్చే చోట ఒక్కో ఈతకు సగటున 2.3 కూనలు బతికి పెద్దవయ్యాయి. టూరిస్టులు ఎక్కువగా వచ్చే చోట ఆ సగటు 0.2 మాత్రమే. అంటే అయిదు ఈతలకు కలిపి ఒక్క కూన! బండ్లు చుట్టుముడితే తల్లికి వేట తప్పిపోవచ్చు, కూనలు తల్లి నుంచి విడిపోవచ్చు. అక్కడికి వచ్చినవాళ్లంతా జంతువులంటే ఇష్టంతోనే వచ్చారు. ఒక్కరి చేతిలోనూ తుపాకీ లేదు.

నేను చేసిన తప్పు

ఇది ఆఫ్రికా సంగతి మాత్రమే కాదు. పోయిన ఎండాకాలం మా వీధి పిల్లలు నన్ను ఒక చెలక దగ్గరికి తీసుకెళ్లి తీతువు పిట్ట గుడ్లు చూపించారు. తీతువు చెట్టు మీద గూడు కట్టదు, వట్టి నేల మీద గుడ్లు పెడుతుంది. నాలుగు గుడ్లు, అచ్చం గులకరాళ్లలాగే ఉన్నాయి. నాకు సంబరమైంది. వంగి ఒక ఫోటో, పిల్లలతో ఒకటి, ఇంకా దగ్గరగా ఒకటి తీశాను. అలా పావుగంట గడిచింది. తల్లి పిట్ట మా తల మీద తిరుగుతూ అరుస్తూనే ఉంది. దాని అరుపు అపశకునమని పెద్దలంటారు. నిజానికి అది మమ్మల్ని పొమ్మని అరుస్తోంది.

మర్నాడు వెళ్తే గుడ్లు లేవు. కాకులు ఎత్తుకుపోయాయో, కుక్క తినిందో తెలియదు. మా వల్లే పోయాయని నేను నిరూపించలేను, కాదనీ అనలేను. "మేడమ్, మనం చూపించకపోతే బాగుండేదా?" అని ఒక పాప అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ ఫోటో ఇంకా నా ఫోన్‌లో ఉంది. ఎవరికీ పంపలేదు.

మన దగ్గరి అడవి

మన నల్లగొండ, నాగర్‌కర్నూల్ జిల్లాల్లోనే ఆమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉంది. కృష్ణ అవతల ఆంధ్రప్రదేశ్‌లో నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం ఉంది. అక్కడ అటవీ శాఖవాళ్లు పులుల ఫోటోలు ఎలా తీస్తారో పిల్లలకు చెప్పండి. చెట్టుకు కెమెరా కట్టి వెళ్లిపోతారు. పులి దాని ముందు నుంచి నడిస్తే ఫోటో దానంతటదే పడుతుంది. మన వేలిముద్రల్లాగే ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు. ఆ చారలను బట్టే పులులను లెక్కపెడతారు. 2018 పులుల గణనలో దేశమంతటా 26,838 చోట్ల కెమెరాలు పెడితే దాదాపు మూడున్నర కోట్ల ఫోటోలు పడ్డాయి. వాటిలో పులి ఉన్నవి 76,651. ఇది గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. ఆ ఫోటోలు తీసేటప్పుడు కెమెరా దగ్గర మనిషే లేడు.

పిల్లలకు నేర్పాల్సినవి

1. జంతువు ముఖం చూడాలి. అది మేత ఆపి మనవైపు చూసిందంటే మనం ఎక్కువ దగ్గరికి వెళ్లినట్టే. రెండడుగులు వెనక్కి వేయాలి. గూళ్లు, గుడ్లు, చిన్న పిల్లలున్న తల్లి కనిపిస్తే అసలు దగ్గరికి పోవద్దు.

2. ఫోటో కోసం తిండి పెట్టొద్దు. ఘాట్ రోడ్డులో అరటిపండు రుచి మరిగిన కోతి రేపు బండ్ల కిందికి వస్తుంది, లేదా పిల్లల చేతిలోని సంచీ లాక్కుంటుంది. కోతి కరిస్తే గాయాన్ని సబ్బు నీళ్లతో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

3. కంచె దాటొద్దు. ఎత్తిపోతల దగ్గర మొసళ్ల పెంపక కేంద్రం ఉంది. కదలకుండా పడుకున్న మొసలి నిద్రపోతోందని అనుకోవద్దు.

4. ఫ్లాష్, ఫోన్ సౌండ్ రెండూ ఆఫ్ చేయాలి. ఈల వేయడం, రాళ్లు విసరడం వద్దు. అభయారణ్యంలో జంతువులను వేధించడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

5. పొద్దున, సాయంత్రం వెలుగు మెత్తగా ఉంటుంది. ఎండ మన వీపు వైపు ఉండాలి. కూర్చుని, జంతువు కంటి ఎత్తులో ఫోన్ పట్టుకోవాలి. స్క్రీన్ మీద దాని కంటి దగ్గర తాకితే ఫోకస్ అక్కడ పడుతుంది. ఎక్కువ జూమ్ చేస్తే ఫోటో చెదురుతుంది. జంతువు చిన్నగా కనిపించినా ఫరవాలేదు, చుట్టూ ఉన్న చెట్టూ నీళ్లూ కూడా ఫోటోలో భాగమే. ఇంట్లో బైనాక్యులర్ ఉంటే దాని కంటి అద్దానికి ఫోన్ కెమెరా ఆనించి తీసి చూడండి.

6. అరుదైన జంతువు ఫోటో స్టేటస్ పెట్టేటప్పుడు లొకేషన్ పెట్టొద్దు. వేటగాళ్లు కూడా ఫోన్ చూస్తారు.

సెలవుల యాక్టివిటీ (5 నుంచి 9 తరగతులు)

ఊరు దాటి వెళ్లలేనివాళ్లు బాధపడొద్దు. పెరట్లో ఉడుత, గోడ మీద తొండ, కరెంటు తీగ మీద గోరింక, వరి మడిలో తెల్లకొంగ చాలు. ఒకే ప్రాణిని మూడు రోజులు, రోజుకు పది నిమిషాలు ఫోన్ లేకుండా చూడాలి. నాలుగో రోజు ఒక్క ఫోటో తీయాలి. దాని కింద తేదీ, సమయం, అది ఏం చేస్తోంది అన్నది ఇంగ్లిష్‌లో అయిదు వాక్యాలు రాయాలి. తప్పులు దిద్దకండి, ఆ పని నాది. చివరి వాక్యం మాత్రం తెలుగులో రాయించండి: "నన్ను చూసి అది ఏం చేసింది?"

"ఏమీ చేయలేదు, దాని పని అది చేసుకుంది" అని రాసిన ఫోటోలను స్కూలు తెరిచాక క్లాసు బోర్డు మీద ముందు వరుసలో పెడతాను.

మీ అందరికీ దసరా శుభాకాంక్షలు.