క్షేత్రధ్వనిముద్రణము: యంత్రమును, మైకును ఎన్నుకొనుట

జానపద గేయములను, మాండలికములను సేకరించువారు నేడు కాగితమును కలమును మాత్రమే నమ్ముకొని పల్లెకు పోవుట లేదు. ప్రతి విద్యార్థి జేబులోను సెల్‌ఫోను రూపమున ఒక ధ్వనిముద్రణ సాధనము ఉండనే యున్నది. అది చాలదా యని పరిశోధక విద్యార్థులు తరచుగా అడుగుచుందురు. చాలదనుటకు గల కారణములను, దాని స్థానమున కొనదగిన సామగ్రిని ఇచట చర్చింతును.

మన భాషలోని ఒక్క ధ్వనిని పరిశీలించిన చాలును. 'చాప' అను దేశ్యపదమందలి చకారము దంత్యము; 'చాపము' అను తత్సమమందలిది తాలవ్యము. ఈ భేదమును ౘ, చ అని వేరువేరుగా చూపు ఆచారము అచ్చులో దాదాపు అంతరించినది. కావున ఏ ప్రాంతమున, ఏ తరమువారి నోట ఈ భేదము నిలిచియున్నదో చెప్పుటకు ధ్వనిముద్రణమే శరణ్యము. దంత్యచకారమును పలికినపుడు వెలువడు సీత్కారపు శక్తి అధికభాగము సుమారు 4,000 హెర్ట్‌జులకు పైన ఉండును. తాలవ్యమున అది అంతకు దిగువనుండియే మొదలగును. పాత టెలిఫోను మార్గము 300 మొదలు 3,400 హెర్ట్‌జుల వరకు మాత్రమే గొనిపోవునట్టిది. అందు మాట తెలియును గాని చకారభేదము మసకబారును. సెల్‌ఫోనులోని రికార్డరు అంత సంకుచితము కాదు. దాని దోషము వేరు. అది సాధారణముగా సన్నని స్వరమును పెంచును, పెద్ద స్వరమును తగ్గించును. మాట కాని దానిని రొదగా భావించి అణచ జూచును. పాట వెనుక ఎడతెగక మ్రోగు శ్రుతికిని, పంకా చప్పుడునకును భేదమును అది ఎరుగదు. ఊష్మములును, మహాప్రాణముల వెంట వచ్చు శ్వాసయు రొదను బోలినవే యగుటచే వానికిని ముప్పు కలదు. పైగా ఆ సవరణ ఎంత జరిగినదో పిదప కనుగొనుటకు వీలు లేదు. వినుటకు ఇంపైన ముద్రణము శాస్త్రమునకు పనికిరాకపోవుట ఇట్లు సంభవించును.

రాష్ట్రేతరాంధ్రుల భాషను పరిశీలించువారికి ఇది మరింత ముఖ్యము. ఖరగ్‌పూరు రైల్వే కాలనీలలో కళింగాంధ్రము నుండి పూర్వమెన్నడో వలసపోయిన కుటుంబములు కలవు. అట్టి చోట్ల తాతల పలుకుబడి మనుమల నోట ఉండదు. ఎనుబదియేండ్ల ఆవేదకుని వద్ద పాడైన ముద్రణమునకు రెండవ ప్రయత్నము ఉండునని భరోసా లేదు.

యంత్రమును గూర్చి చెప్పవలసినది కొద్ది. సవరణలు చేయని వేవు ఫైలుగా, సెకనుకు 48,000 నమూనాలతో, 24 బిట్లతో ముద్రించుట దానికి చేతకావలెను. బయటి మైకును తగిలించుటకు ఎక్స్‌ఎల్‌ఆర్ ద్వారములును, కండెన్సరు మైకుకు కావలసిన 48 వోల్టుల విద్యుత్తును ఉండవలెను. బజారులో దొరకు బ్యాటరీలతో నడవవలెను. ఈ ప్రమాణమున రెండు మార్గముల ముద్రణము గంటకు సుమారు ఒక గిగాబైటు స్థలమును ఆక్రమించును. మెమరీ కార్డులు చౌకయైన ఈ దినములలో చోటు కొరకు ఎమ్‌పీ3గా కుదించుట, పూర్వము టేపు ఆదా చేయుటకై దాని వేగమును తగ్గించిన పొదుపు వంటిదే. 2022లో వచ్చిన జూమ్ ఎఫ్3 వంటి యంత్రములు 32 బిట్ల ఫ్లోటు పద్ధతిన ముద్రించును. వీనిలో స్వరస్థాయిని ముందుగా సరిచూచుకొను పని లేదు. హఠాత్తుగా కేక వేసినను ముద్రణము చిట్లిపోదు. ఒంటరిగా పోవు విద్యార్థికి ఇది గొప్ప వెసులుబాటు. అయినను డోలు దెబ్బకు మైకే తట్టుకొనలేనపుడు గాని, గది ప్రతిధ్వని మాటను మ్రింగినపుడు గాని ఏ బిట్లును రక్షింపలేవు. సాధారణ యంత్రమున మాత్రము స్వయంచాలక స్థాయినియంత్రణమును తప్పక ఆపివేసి, మిక్కిలి బిగ్గరయైన మాట గరిష్ఠస్థాయికి 12 డెసిబెల్సు దిగువ నిలుచునట్లు సరిచేసికొనవలెను.

ఉన్న సొమ్ములో సగమైనను మైకులకు కేటాయింపవలెనని నా అభిప్రాయము. విద్యార్థులు దీనికి విపరీతముగా చేయుట కద్దు. మైకు నోటికి ఎంత దూరమున నున్నదన్నదే తక్కిన అన్నిటికంటె బలవత్తరమైన విషయము. దూరము సగమైనపుడు నేరుగా వచ్చు స్వరము 6 డెసిబెల్సు పెరుగును. వీధి రొద మాత్రము ఉన్నంతయే యుండును. మీటరు దూరము నుండి పాతిక సెంటీమీటర్లకు జరిపినచో లాభము 12 డెసిబెల్సు. ఇంత లాభమును ఖరీదైన యంత్రము ఈయజాలదు.

మాటను ముద్రించుటకు దుస్తులకు తగిలించు చిన్న మైకును పెక్కుమంది మెచ్చుకొందురు. పురుషుల విషయమున అది మంచిదే. స్త్రీల పైటచెంగు, పూసలపేరు దానికి రాచుకొని ప్రతి వాక్యమునకు ఒక గరగర చేర్చును. అపుడు ఎదుటి ధ్వనిని మిక్కిలిగాను, వెనుకటిదానిని తక్కువగాను గ్రహించు కార్డియాయిడు మైకును చిన్న స్టాండుపై నిలిపి, నోటికి సూటిగా గాక కొంచెము ప్రక్కగా పెట్టుట మేలు. ఊపిరి నేరుగా తగులదు. మరీ దగ్గరగా పెట్టినచో ఈ జాతి మైకు మంద్రధ్వనులను ఉబ్బించును. దంపుడుపాటలను సేకరించునపుడు రోకటిపోటు నేలగుండా స్టాండునకు ప్రాకును. మడిచిన గొంగడిని క్రింద వేసిన చాలును. ఆరుబయట బొచ్చు తొడుగు లేని మైకు గాలికి అక్కరకు రాదు.

ప్రదర్శనకళలకు ఈ నియమములు మారును. బుర్రకథలో కథకుడు తంబురతో నడుమ నిలిచి ముందువెనుకలకు అడుగులు వేయును. ఇరుప్రక్కల వంతలు గుమ్మెటలు వాయించుచు మాట కలుపుదురు. ఒకే మైకుతో ముద్రించినచో ఏ మాట ఏ వంతదో లిప్యంతరీకరణమున తేలదు. సంవాదమే ప్రాణమైన కళలో ఇది చిన్న లోపము కాదు. రెండు కార్డియాయిడు మైకులను 17 సెంటీమీటర్ల ఎడముతో, 110 డిగ్రీల కోణమున అమర్చి, దళమునకు ఎదురుగా రెండు మూడు మీటర్ల దూరమున నిలిపినచో ఎవరి స్థానము వారికి దక్కును. ఒగ్గుకథకు డోలు నుండి ఇంకను ఎడముగా జరుగవలెను. మంద్రధ్వనులను కోసివేయు మీటను మాటకు వాడవచ్చును గాని డోలునకు వాడరాదు.

పనికి పూర్వము చెవులను మూయు హెడ్‌ఫోనుతో ఒక నిమిషము వినుట అవసరము. ఇంటిలోని రిఫ్రిజిరేటరు గుయ్యిమను ధ్వని మన చెవికి అలవాటై వినబడదు గాని మైకు దానిని విడువదు. ఆవేదకుని అనుమతి గైకొని, తేదీ, ఊరు, మైకు పేరు, దాని దూరము చెప్పి ముద్రణమును ఆరంభింపవలెను. చివర అర నిమిషము ఎవరును మాటాడక ఆ చోటి నిశ్శబ్దమును ముద్రించుకొన్నచో, రొద ఎంతయో పిదప కొలుచుటకు అది పనికివచ్చును. ఆ రాత్రియే ఫైళ్లను రెండు వేరు డిస్కులకు ఎక్కింపవలెను. అంతవరకు కార్డును తుడువరాదు.