మన ఇంటి గోడలు చెప్పే చరిత్ర

చరిత్ర అనగానే మన విద్యార్థులకు రాజులు, యుద్ధాలు, సంధులు జ్ఞప్తికి వస్తాయి. తాము పుట్టి పెరిగిన వీధికి సైతం చరిత్ర ఉంటుందని తలచేవారు అరుదు. కర్నూలు వంటి ప్రాచీన నగరంలో నివసించే మనకు ఈ ఉపేక్ష తగదు. హంద్రీ, తుంగభద్రల సంగమం వద్ద వెలసిన ఈ పట్టణం విజయనగర ప్రభువులను, బీజాపూరు సుల్తానుల ప్రతినిధులను, నవాబులను, ఆంగ్లేయులను చూసింది. 1953 నుండి 1956 వరకు ఆంధ్ర రాష్ట్ర రాజధానిగా విలసిల్లింది. కొండారెడ్డి బురుజును గురించి, అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధియైన గోల్ గుమ్మజ్‌ను గురించి గ్రంథాలు చెబుతాయి. వాటి చుట్టూ ఉన్న ఇళ్లను గురించి చెప్పవలసినది మనమే.

పరిశోధనకు ఇంటి దస్తావేజే తొలి మెట్టు. అమ్మినవారు, కొన్నవారు, వెల, తేదీ మాత్రమే చూసి ఊరుకోరాదు; చెక్కుబందీని శ్రద్ధగా చదవాలి. తూర్పున ఎవరి ఇల్లు, దక్షిణాన ఏ బావి, పడమట ఏ రాస్తా, ఉత్తరాన ఏ మసీదు లేక ఏ గుడి అన్నది అందులో ఉంటుంది. ఒకే వీధికి చెందిన నాలుగైదు దస్తావేజులను కలిపి చూస్తే ఆనాటి పేట మన కళ్ల ఎదుట నిలుస్తుంది. రిజిస్టరైన క్రయాలకు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో నకళ్లు కోరవచ్చు. ఇనాములకు 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో మద్రాసు ప్రభుత్వం నియమించిన ఇనాం కమిషన్ రిజిస్టర్లు, వక్ఫు ఆస్తులకు గెజిట్‌లో ప్రకటించిన జాబితాలు ఆధారాలు. నరహరి గోపాలకృష్ణమ్మ చెట్టి రచించగా 1886లో వెలువడిన కర్నూలు జిల్లా మాన్యువల్ కూడా తప్పక చూడదగినది.

సంవత్సరాల లెక్కలో జాగ్రత్త అవసరం. ఒక శిలాఫలకంపై ఉర్దూలోనో పారశీకంలోనో 1255 అని ఉన్నదనుకొందాం. అది హిజ్రీ సంవత్సరం. దానిని 0.97తో గుణించి 622 కలిపితే సుమారు క్రీ.శ. 1839 వస్తుంది. ఆంగ్లేయులు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను పదవీచ్యుతుని చేసిన సంవత్సరమదే. ఒక్క అంకె తెలిసినంతనే ఆ కట్టడం నవాబుల పాలన ముగిసిన రోజులదని తేలుతుంది. ఫసలీకైతే 590, శాలివాహన శకానికైతే 78 కలుపుకోవాలి.

వృద్ధుల మాటలు కూడా ఆధారాలే. కొండారెడ్డి అనే నాయకుడు బురుజులో బందీగా ఉన్నాడని జనశ్రుతి. జనశ్రుతిని త్రోసిపుచ్చరాదు, అలాగని రుజువైన సత్యంగానూ వ్రాయరాదు. ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో గుర్తించి, కాగితంతో సరిపోల్చాలి.

ఈ పనికి ఇక జాగు పనికిరాదు. 2009 అక్టోబరు వరదలలో నగరం మునిగినప్పుడు సామానులతో పాటు ఎన్నో ఇళ్ల కాగితాలు నీటిపాలైనాయి. మిగిలినవాటికి చెదలకంటె పెద్ద శత్రువు మన నిరక్షరాస్యత. తాతగారి ఉర్దూ శికస్తా వ్రాతను మనుమడు చదవలేక రద్దీ కాగితంగా అమ్మివేస్తాడు. తెలుగు గొలుసుకట్టు వ్రాతకూ అదే గతి. రేపు హద్దుల తగవు వచ్చినా, ఒక ధర్మసంస్థ భూమి అన్యాక్రాంతమైనా, నిలిచి సాక్ష్యం చెప్పగలది ఆ కాగితమే.

ఈ విషయంలో మన కళాశాలకు ఒక విశేషమైన అర్హత ఉంది. ఉర్దూ, తెలుగు విద్యార్థులు ఇక్కడ ఒకే కప్పు క్రింద చదువుతున్నారు. ఇద్దరిద్దరు జతగా ఏర్పడి, ఈ వేసవి సెలవులలో జతకొక ఇంటి చరిత్ర వ్రాయాలని మేము కోరుతున్నాము. అసలు పత్రాలు యజమానుల వద్దనే ఉండాలి. వారి అనుమతితో నకలు మాత్రమే తీసుకోవాలి. ఆ నకళ్లను భద్రపరచడానికి గ్రంథాలయంలో ఒక బీరువాను కేటాయించవలసినదిగా కళాశాల కమిటీ వారికి మా మనవి. పది ఇళ్ల చరిత్ర చేరితే ఒక పేట చరిత్ర అవుతుంది. పది పేటలు చేరితే మన నగర చరిత్ర అవుతుంది.