గ్రంథాలయం – మన పిల్లల రెండో తరగతి గది

దివ్య ఖుర్ఆన్‌లో మొట్టమొదట అవతరించిన మాట ‘ఇఖ్రా’ – చదువు. నేడు బడుల్లో ప్రాజెక్టు పనికీ మార్కులున్నాయి. కానీ ఇంట్లో పుస్తకం లేని పిల్లలు చాలామంది నెట్ సెంటర్‌లో ప్రింటు తీయించి అతికిస్తున్నారు. అది అభ్యసనం కాదు.

‘కరీంనగర్ వెండి తీగపని’, ‘నిర్మల్ పొనికి కర్ర బొమ్మలు’ వంటి అంశం ఇవ్వాలి. ఉపాధ్యాయుడు ప్రశ్నలు, గ్రంథపాలకుడు పుస్తకాలు సిద్ధం చేయాలి. పిల్లలు ముందు గ్రంథాలయంలో చదివి, తర్వాత పనివారిని అడిగి, తెలుసుకున్నది సొంత మాటల్లో రాయాలి.

1960 నాటి చట్టం ప్రకారం ఇంటిపన్నులో ప్రతి రూపాయికి 8 పైసల గ్రంథాలయ పన్ను కడుతున్నాం. కనుక అది మనదే. దాతలారా! మీ ఊరి గ్రంథాలయంలో లేని ఉర్దూ, తెలుగు పుస్తకాలు కొనివ్వండి. చదివేవారున్నంత కాలం అది సదఖా జారియా.