ఒకే నిప్పు, రెండు దీవులు
మారిషస్‌లో ఒకనాటి బస్సుయాత్ర – దివిసీమ విద్యార్థికొక పాఠము

చుట్టును నీరుగల భూభాగమును ద్వీపమందురని మనము చిన్న తరగతులలోనే చదువుకొన్నాము. ఈ నిర్వచనమునకు ఉదాహరణ వెదకుటకు మచిలీపట్నము, గుడివాడ విద్యార్థులు దూరము పోనక్కరలేదు. పులిగడ్డ దగ్గర కృష్ణానది రెండు పాయలుగా చీలి, అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతములను నడుమ నిలిపి సముద్రములో కలియుచున్నది. ఆ నడిమి భూమియే దివిసీమ. అయితే నిర్వచనము ద్వీపము చుట్టునున్న నీటిని గూర్చి చెప్పునే గాని, కాలి క్రిందనున్న నేలను గూర్చి చెప్పదు. ఆ నేల ఎక్కడనుండి వచ్చినది? దానిని సాగునకు తెచ్చినవారెవరు? ఏ ద్వీపమును చూడబోయినను విద్యార్థి వెంట తీసికొని పోవలసిన ప్రశ్నలివి రెండే. హిందూ మహాసముద్రములోని మారిషస్ ద్వీపమున యాత్రికులను త్రిప్పు బస్సుయాత్రను ఆధారముగా చేసికొని ఈ ప్రశ్నలను పరిశీలింతము.

మారిషస్‌నే ఎన్నుకొనుట ఎందుకు?

ఆ ద్వీపము మనకు పరాయిది కాదు. 1598లో డచ్చివారు దానికి తమ రాకుమారుడు మారిస్ పేరు పెట్టిరి. ఆ డచ్చివారే కొద్ది సంవత్సరములలో మచిలీబందరులో వర్తకస్థానము నెలకొల్పుకొని మన నేతబట్టలను ఓడలకెక్కించిరి. వారి తరువాత మారిషస్‌ను ఏలిన ఫ్రెంచివారు కూడ బందరులో కొంతకాలము జెండా నిలిపినవారే. 1759లో ఆంగ్లేయులు వారినుండి మచిలీపట్నమును, 1810లో మారిషస్‌ను గెలుచుకొనిరి.

అంతకంటె దగ్గరి సంబంధము మనుష్యులది. పందొమ్మిదవ శతాబ్దములో కోరంగి మొదలగు రేవులనుండి మన తెలుగువారు ఆ ద్వీపమునకు చెరకు కూలీలుగా వెళ్ళిరి. అందుచేతనే అక్కడ తెలుగువారికి కోరంగీలను పేరు వచ్చినది. నేటికిని అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవుదినము. అక్కడి పాఠశాలలలో తెలుగు, ఉర్దూ రెండును బోధింపబడుచున్నవి. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ ద్వీపములోనే జరిగినవి.

బస్సు ఆగు చోట్లు

మారిషస్ వైశాల్యము 1,865 చదరపు కిలోమీటర్లు. అనగా పూర్వపు ఉమ్మడి కృష్ణా జిల్లాలో అయిదవ వంతుకు కొంచెము మించును. కావున ఉదయము బయలుదేరిన బస్సు ద్వీపము యొక్క దక్షిణ, నైరుతి భాగములను చూపి సాయంకాలమునకు యాత్రికులను విడిది చేర్చగలదు. మార్గదర్శి ఇంగ్లీషులోను, ఫ్రెంచిలోను విశేషములు చెప్పును. ఇంటను, వీధిలోను వారందరు మాటలాడుకొను భాష మాత్రము క్రియోల్. ఇట్టి యాత్రలో ఒక లోపము సహజము. బస్సు ఆగినచోట అందరును చూతురు. ఆగనిది కిటికీ వెంట గడచిపోవును. చదువుకొనువాడు ఆగినదానిని, ఆగనిదానిని కూడ చూడవలెను.

మొదట బస్సు నడిమి పీఠభూమిమీది క్యూర్‌పీప్ పట్టణమునకు ఎక్కును. అక్కడ త్రూ ఓ సెర్ అను అగ్నిపర్వత ముఖము కలదు. ఆ పేరునకు జింకల గుంట యని అర్థము. సుమారు 300 మీటర్ల వెడల్పు, 80 మీటర్ల లోతు గల గుండ్రని గిన్నెవంటి లోయ యది. ఒకప్పుడు నిప్పు కక్కిన ఆ నోటిలో నేడు చెట్లు దట్టముగా పెరిగినవి. అడుగున కొంచెము నీరు నిలిచినది. గట్టుపైనుండి చూచినచో చుట్టును కోరలవలె లేచిన కొండలు కానవచ్చును. అవి ద్వీపమును మొదట నిర్మించిన పాత అగ్నిపర్వతము యొక్క శిథిలములు. సముద్రగర్భమునుండి లావా పొరలుపొరలుగా పేరుకొని దాదాపు 80, 90 లక్షల సంవత్సరముల క్రిందట ఈ ద్వీపము నీటిపైకి తేలినదని శాస్త్రజ్ఞుల నిర్ణయము. నిప్పు చల్లారి వేల సంవత్సరములైనది. దీనికి నైరుతి దిశగా సుమారు 200 కిలోమీటర్ల దూరముననున్న రీయూనియన్ ద్వీపములో మాత్రము అగ్నిపర్వతము నేటికిని లావాను వెడలగ్రక్కుచున్నది.

రెండవ మజిలీ గ్రాండ్ బాసిన్. ఇదియు అగ్నిపర్వత ముఖమే గాని, నిండ నీరు నిలిచి సరస్సైనది. అక్కడి హిందువులు దీనిని గంగాతలావ్ అందురు. మహాశివరాత్రికి ద్వీపము నలుమూలలనుండి జనులు కాలినడకన వత్తురు. 2007లో ప్రతిష్ఠించిన 33 మీటర్ల శివవిగ్రహము దూరమునుండియే కనబడును. పుట్టిన దేశమును విడిచి వచ్చినవారు తమ నదిని వెంట తేలేకపోయిరి. దొరికిన నీటికి ఆ నది పేరు పెట్టుకొనిరి.

మూడవది షమరెల్. ఇచ్చట సుమారు 100 మీటర్ల ఎత్తునుండి దుముకు జలపాతమును, దానికి సమీపమున ఏడు రంగుల మట్టిదిబ్బలును కలవు. ఎరుపు, గోధుమ, ఊదా, పసుపు వన్నెలు ప్రక్కప్రక్కనే గీతలు గీసినట్లుండును. ఇది చిత్రకారుని పని కాదు, వర్షపు పని. నల్లని లావారాయి యుగముల తరబడి వేడికిని, వానకును నాని మన్నైనది. నీటిలో కరగు పదార్థములు కొట్టుకొనిపోగా ఇనుము, అల్యూమినియము యొక్క ఆక్సైడులు మిగిలినవి. ఆ లోహముల పాళ్ళలోని భేదమే రంగుల భేదము. రాయి మన్నగుట ఎట్లో కన్నులతో చూడదలచిన విద్యార్థికి ఇంతకంటె మంచి ప్రయోగశాల లేదు.

బస్సు ఆగని చోట్లు

ఈ మూడు మజిలీల నడుమ దారికిరువైపుల చెరకు తోటలే. ఆ పచ్చని తోటల నడుమ అక్కడక్కడ నల్లరాళ్ళ కుప్పలు, గోడలు, మెట్లమెట్లుగా పేర్చిన దిబ్బలు కనబడును. కొత్తవాడు చూచి ఇవి ఏ పాతకోటల శిథిలములో యని భ్రమపడును. అవి కోటలు కావు. లావా చల్లారిన నేలలో అడుగడుగున రాళ్ళుండును. రాళ్ళను ఏరినగాని చెరకు నాటుటకు వీలులేదు. ఆ రాళ్ళను పెకలించి, మోసి, ప్రక్కన పేర్చినవి కూలీల చేతులు.

ఆ చేతుల చరిత్ర క్లుప్తముగా ఇది. చెరకు తోటలలో మొదట ఆఫ్రికా, మడగాస్కరులనుండి తెచ్చిన బానిసలు పనిచేసిరి. వారిలో పారిపోయినవారు కొందరు నైరుతి మూలనున్న లె మోర్న్ అను నిట్టనిలువు కొండపై తలదాచుకొనిరి. 1835లో బానిసత్వము రద్దైనది. దానికి ముందు సంవత్సరమే, 1834లో, హిందూదేశమునుండి ఒప్పందపు కూలీలను తెప్పించుట మొదలిడిరి. అప్పటినుండి 1920 ప్రాంతము వరకు దాదాపు నాలుగున్నర లక్షల మంది ఆ ద్వీపమున కాలిడిరి. తొలినాళ్ళలో ఒప్పందము అయిదేండ్లకు. జీతము నెలకు అయిదు రూపాయలు, పైన తిండిగింజలు. ఒకదినము పనికి రానిచో రెండు దినముల కూలి కోయు పద్ధతి చిరకాలము సాగినది.

1832–33లో మన తీరమును నందన కరువు పీడించినది. గుంటూరు సీమలో జనులు డొక్కలెండి చచ్చుటచే దానిని డొక్కల కరువనిరి. గోదావరికి ధవళేశ్వరమున 1852లోను, కృష్ణకు బెజవాడ వద్ద 1855లోను ఆనకట్టలు పూర్తియగువరకు ఈ తీరమునకు తిండి నిశ్చయము లేదు. ఓడనెక్కినవారు సాహసయాత్రికులై ఎక్కలేదు. ఆకలిచేతను, అప్పులచేతను ఎక్కిరి.

రాజధాని పోర్ట్ లూయీ రేవులో వారు దిగిన నల్లరాతి మెట్లు నేటికిని ఉన్నవి. ఆ చోటును ఆప్రవాసీ ఘాట్ అందురు. 2006లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. 2008లో లె మోర్న్‌కును ఆ గౌరవము దక్కినది. వచ్చిన కూలీకి ఒక సంఖ్య నిచ్చి, పేరు, తండ్రి పేరు, ఊరు, ఎక్కివచ్చిన ఓడ మొదలగునవి వ్రాసిన దస్తరములు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రముగా నున్నవి. నేటి యువకులు తమ ముత్తాత ఊరేదో తెలిసికొనగోరి వానిని వెదకించుచుందురు. దక్షిణపు యాత్రాబస్సు సాధారణముగా ఈ రేవునకు రాదు. విద్యార్థి విడిగా పోయి చూడదగినదిది.

ఆ నిప్పు మన నేలలోను ఉన్నది

ఇంతవరకు చెప్పినదానిని బట్టి మారిషస్ రాతిదీవి, దివిసీమ మట్టిదీవి. రెంటికిని పోలికయే లేదని తోచవచ్చును. భూగర్భ శాస్త్రము మరియొక మాట చెప్పుచున్నది.

రీయూనియన్ క్రింద భూమి లోతులలో ఒక నిప్పుల ఊట నిలిచియున్నదనియు, దానిమీదుగా భూఫలకములు మెల్లగా కదలిపోవుచున్నవనియు ఎక్కువమంది శాస్త్రజ్ఞులు అంగీకరించిరి. నిలిపిన దీపముపై రేకును మెల్లగా జరిపినచో రేకు పొడవున మసిమచ్చలు వరుసగా పడునుగదా! అట్లే ఆ ఊట తనపైగా సాగిన ఫలకములమీద అగ్నిపర్వతముల వరుసను మిగిల్చినది. రీయూనియన్ ఆ వరుసలో క్రొత్తది. దానికి ముందుది మారిషస్. ఇంకను వెనుకకు పోయినచో మాల్దీవులు, లక్షదీవులు. వరుసకు మొదట, సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల నాడు ఆ ఊటపైనుండినది మన దక్కను పీఠభూమి. నాడు పొంగిన లావాయే మహారాష్ట్రలోని నల్లరాతి కొండలు. రాజమహేంద్రవరము దగ్గర కాతేరు, పంగిడి ప్రాంతముల నల్లరాయియు ఆ పొంగు కాలపుదే.

కృష్ణానది ఎక్కడ పుట్టుచున్నది? ఆ నల్లరాతి కొండలలోని మహాబలేశ్వరమున. అక్కడినుండి సుమారు 1,400 కిలోమీటర్లు ప్రవహించి, దారిలో ఇతర శిలల మట్టిని కూడ కలుపుకొని, సముద్రము ఒడ్డున ఒండ్రుగా దింపినది. ఆ ఒండ్రే దివిసీమ. మారిషస్‌లో లావా ఉన్నచోటనే ఉండి మన్నగుచున్నది; మన సీమకు అట్టి మన్నే నది వీపునెక్కి వచ్చినది. కోరంగి కూలీ దేశాంతరములో పెకలించిన రాయికిని, దివిసీమ రైతు వరి కోతకు ముందు చేలో మినుము చల్లు నల్లమట్టికిని పుట్టినిల్లొక్కటే. భేదమొక్కటి: అక్కడ రాయి అడ్డము, ఇక్కడ కట్టకు వేయుటకు కూడ రాతిని దూరపు కొండలనుండి తేవలసినదే.

దివిసీమకు ఈ పాఠము వలన ప్రయోజనము

రెండు దీవులును తుపానుల దారిలోనున్నవి. 1892 ఏప్రిల్ 29 నాటి తుపానులో మారిషస్‌లో వెయ్యిమందికి పైగా చనిపోయిరి. మచిలీపట్నమును 1864 నవంబరు 1న ముంచిన ఉప్పెనలో ముప్పది వేలమంది నశించిరని లెక్క. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన పదివేలకు పైబడిన ప్రాణములను బలిగొన్నది. ఆ రాత్రిని మన ఇండ్లలో పెద్దలు నేటికిని మరువలేదు. అయితే మారిషస్‌కు నడుమ ఎత్తైన పీఠభూమి కలదు. తీరము వెంట పగడపు దిబ్బల వలయము అలలను ఆపుచున్నది. మనకు ఎత్తును లేదు, పగడమును లేదు. అల వేగమును తగ్గించునది నాగాయలంక, కోడూరు వైపు తీరముననున్న మడ అడవియే.

ఇంకొక సంగతి. రాతిదీవి అరుగుటకు యుగములు కావలెను. ఒండ్రుదీవి అట్లు కాదు. దానికి ఏటేట నది మట్టి పెట్టవలెను. లేనిచో సముద్రము కోసికొనును, నేలయు మెల్లగా క్రుంగును. 1967లో నాగార్జునసాగరము, 1980వ దశకములో శ్రీశైలము జలాశయములేర్పడిన పిదప నది తెచ్చు ఒండ్రులో అధికభాగము పైననే నిలిచిపోవుచున్నది. కృష్ణా ముఖద్వారము వద్ద తీరము కొన్నిచోట్ల కోతకు గురియగుచున్నదని పరిశోధకులు తేల్చిరి. జలాశయములు మనకు అన్నము పెట్టుచున్నవి. వానిని నిందించుట తగదు. కాని అన్నమునకు మనము చెల్లించు మూల్యమేదో తెలిసికొనుట చదువుకొన్నవారి ధర్మము. నది తేలేని మట్టిని మనము తేలేము. ఉన్న మడ అడవిని నరకకుండ కాపాడుట, క్రొత్త మొక్కలు నాటుట మాత్రము మన చేతిలోని పని.

విద్యార్థులు చేయదగిన పని

కళాశాల కమిటీవారు తలచినచో మచిలీపట్నమునుండి దివిసీమకు ఒకనాటి బస్సుయాత్ర ఏర్పాటు చేయుట కష్టము కాదు. ఘంటసాల, మోపిదేవి, పులిగడ్డ, అవనిగడ్డ, నాగాయలంకల మీదుగా పోయి హంసలదీవి వద్ద సాగరసంగమమును చూచి రావచ్చును. అయితే ఆ బస్సులో విద్యార్థులే మార్గదర్శులు కావలెను. ఒకరు నది పాయలను, ఒకరు మట్టిని, ఒకరు మడ చెట్లను చదివి వచ్చి మిగిలినవారికి చెప్పవలెను. బస్సు ఆగని ఊళ్ళ పేర్లు వ్రాసికొనవలెను. 1977 ఉప్పెనను చూచిన వృద్ధులు కనబడినచో వారి మాటలను తెలుగులోనో, ఉర్దూలోనో, వారేది మాటలాడిన ఆ భాషలోనే వ్రాసికొని ఈ పత్రికకు ఈయవలెను.

మారిషస్‌లో కూలీల పేర్లు దస్తరములలో మిగిలినవి గనుక మునిమనుమలు ఊరు వెదకుకొనగలుగుచున్నారు. ఉప్పెనలో పోయినవారిని, కట్టలు పోసినవారిని, ఉప్పుదేలిన చేలను మరల పంటకు తెచ్చినవారిని గూర్చి ఏమి వ్రాసియుంచితిమని మన తరువాతివారు మనలను అడుగుదురు. ఆ వ్రాత ఈ సంవత్సరమే మొదలుకావచ్చును.